ఎడమ మూల మాట

టూవూంబా,
ఫిబ్రవరి 4, ఆదివారం.

ప్రియమైన మీకు,

నేనిక్కడ క్షేమం. పెర్త్‌లో, మీ కానింగ్ వేల్ వైపు ఎండలు మండిపోతున్నాయని టీవీలో చెప్పారు. బండి దిగినప్పుడు టోపీ పెట్టుకుంటున్నారు కదా?

మొన్న ఫోన్లో మీరెన్ని అడిగినా నేను ‘ఊఁ’ తప్ప ఏమీ అనలేదని కోపం తెచ్చుకోకండి. మీ పక్కన వెంకీ గారి నవ్వు వినపడింది. ఇంట్లో నలుగురు లారీ డ్రైవర్లుండగా ఫోను బల్లమీద పెట్టి అందరికీ వినపడేట్టు మాట్లాడిస్తే నా గొంతు ఎటు పోతుందో నాకే తెలియదు. కాగితం మీదైతే నాకు సిగ్గుండదు. ఏడో తరగతిలో దస్తూరికి నాకొచ్చిన స్టీలు గ్లాసు ఇప్పటికీ మన పెట్టెలో ఉంది. చదువు అక్కడితో ఆగింది గానీ రాత ఆగలేదు.

డాక్టర్ శారదాంబ గారింట్లో పొద్దున వంట, మధ్యాహ్నం ఆవిడ పుస్తకం. నలభై ఏళ్లు ఈ ఊళ్లో మెదడు జబ్బులకి వైద్యం చేసిన మనిషి. ఇప్పుడు డెబ్భై ఎనిమిది. కళ్లు మసకబారాయి. ఆవిడ చెబుతుంటే నేను రాస్తాను. మనిషికి తన ఒళ్లు తనదేనని ఎలా తెలుస్తుంది, దాని గురించి డాక్టర్లు ఏ కాలంలో ఏమనుకున్నారు అన్నది పుస్తకం. “ఇంగ్లీషులో చాలామంది రాశారు. తెలుగులో నేను రాసి పోతా” అంటారు.

నన్నే ఎందుకు పెట్టుకున్నారో కూడా చెప్పారు. “నీకు అర్థమైతే ఎవరికైనా అవుతుంది. అర్థం కానిచోట ‘ఆపండి’ అను. మొహమాటపడకు.” మూడు నెలలైంది. ఒక్కసారీ అనలేదు. అంత పెద్దావిడని ఆపమని ఎలా అంటాను?

నిన్న రాసింది మాత్రం భలేగా ఉంది. వందేళ్ల పైమాటే, లండన్లో ఇద్దరు డాక్టర్లుండేవారట. మన ఒంటి బొమ్మ ఒకటి మెదడులో ఉంటుందని, మనం కదిలినప్పుడల్లా అది తనని తాను దిద్దుకుంటుందని వాళ్లు చెప్పారట. ఆ బొమ్మ చర్మం దగ్గర ఆగిపోదట. టోపీలో పొడవాటి ఈక పెట్టుకునే దొరసానికి ఆ ఈక చివరి దాకా తన ఒళ్లేనట. ఆ ఇద్దరిలో ఒకాయన, నరం తెగితే మనిషికి ఏం తెలుస్తుందో చూద్దామని తన చేతి నరమే కోయించుకున్నాడట!

రాస్తుంటే మీరు గుర్తొచ్చారు. “ఇరవై ఆరు మీటర్ల బండి లలితా. ఆఖరి చక్రం గులకరాయి ఎక్కినా నా వీపుకి తెలుస్తుంది” అన్నారు పెళ్లైన కొత్తలో. ఆ మాట డాక్టరమ్మ గారికి చెప్పాను. “మీ ఆయన ఈక దొరసాని కంటే గొప్పవాడే” అని నవ్వారు.

పైకి అనలేని మాట ఎప్పట్లాగే కింద, ఎడమ మూలన, చిన్నగా రాశాను. చదివి జవాబు రాయండి. వెంకీ గారికి మాత్రం చూపించకండి.

మీ
లలిత

మూల మాట: మీరు వెళ్లి మూడు నెలలు. నేను అక్కడికి వచ్చేయనా?


కానింగ్ వేల్,
ఫిబ్రవరి 13.

ప్రియమైన లలితకి,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. తొందరలో రాశావా ఏంటి? కొన్నిచోట్ల వాక్యాలు తెగిపోయాయి. స్టీలు గ్లాసు ఇప్పుడెందుకు కొన్నావు? ఎవరిదో చెయ్యి కోశారని రాశావు, అది చదివి కంగారుపడ్డాను. నీకేం కాలేదు కదా?

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. సరుకు వేసుకుని వారంలో నాలుగు ట్రిప్పులు ఉత్తరం వైపు. కొత్త బండి ఆటోమేటిక్. గేరు మార్చే పని లేదు కాబట్టి ఎడమ చెయ్యి మహారాజులా ఒళ్లో కూర్చుంటుంది. ఒక్కటే చిరాకు. ఈ నెలలో ఎడమ పక్క అద్దం రెండుసార్లు పోయింది. గేటు స్తంభాలు ఎవడు పాతాడో గానీ మరీ దగ్గరగా పాతాడు. యార్డు మేనేజరమ్మ “సుబ్బూ, మేట్, అద్దాలు తింటున్నావా?” అంది.

వెంకీ సంగతి చెప్పాలి. నా ఎడమ కాలి చెప్పు దాచేసి ఆట పట్టిస్తున్నాడు. పొద్దున్నే ఒక్క చెప్పుతో గుమ్మం దాకా వెళ్లిపోయాను. “ఏంటన్నా, కుంటాట ఆడుతున్నావా?” అని పగలబడి నవ్వాడు. వాడు తీయలేదని ఒట్టేశాడు. మరి ఎవడు తీశాడట?

కొద్దిగా తలనొప్పి ఉంటోంది. ఎండకే. కంగారుపడకు.

వేళకి తిను. డాక్టరమ్మ గారిని అడిగానని చెప్పు.

నీ
సుబ్బరాజు


టూవూంబా,
ఫిబ్రవరి 20.

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. సంతోషించాలో బాధపడాలో తెలియడం లేదు.

గ్లాసు నేను కొనలేదు. నా చెయ్యి ఎవరూ కోయలేదు. అది లండన్ డాక్టరు సంగతి. అంత శ్రద్ధగా రాస్తే మీరు సగం సగం చదివారనిపించింది. మూల మాటకి జవాబే లేదు. పోనీ, చదివి కూడా జవాబివ్వలేదంటే అదే జవాబనుకున్నాను.

ఇంకో మాట. రాయకూడదనే అనుకున్నాను. మీరు వెళ్లిన కొత్తలో కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకి రాసేవారు. చోటు చాలక పక్కల్లో నిలువుగా కూడా రాసేవారు. సంక్రాంతికి రాసిన ఉత్తరంలో ఎడమ పక్క రెండు వేళ్ల ఖాళీ ఉంది. ఈసారి నాలుగు వేళ్లు. నాతో చెప్పడానికి మాటలు తరిగిపోతున్నాయా? మాటలు లేకపోతే చిన్న కాగితం మీద రాయండి. పెద్ద కాగితంలో ఆ ఖాళీ చూస్తే ఎక్కడో గుచ్చుకుంటోంది.

ఈ వారం సైనికుల గురించి రాశాం. అమెరికా వాళ్లు తమలో తాము యుద్ధం చేసుకున్నప్పుడు వేలమందికి కాళ్లూ చేతులూ తీసేశారట. తీసేసిన కాలి వేళ్లు మండుతున్నాయని, లేని పిడికిలి బిగుసుకుపోయి గోళ్లు గుచ్చుకుంటున్నాయని వాళ్లు ఏడ్చేవారట. పిచ్చివాళ్లంటారని చాలామంది చెప్పుకోలేదు. ఒక డాక్టరు కూర్చుని ఓపిగ్గా విని, అబద్ధం కాదని పుస్తకంలో రాశాడట. డాక్టరమ్మ గారు ఇక్కడ ఆగి, “వైద్యం అంతా ఇంతే లలితా. రోగి చెప్పేది వింతగా ఉన్నా వినాలి. చెప్పలేనిది కనిపెట్టాలి” అన్నారు. అది పుస్తకంలో రాయాలో వద్దో తెలియలేదు. రాసేశాను.

తర్వాత కెనడాలో ఒక సర్జను, రోగి మెలకువగా ఉండగానే మెదడు మీద సన్నటి తీగతో తాకి, ఎక్కడ తాకితే ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో గీశాడట. ఆ బొమ్మలో మనిషికి పెదవులూ బొటనవేలూ ఏనుగంత, వీపు మాత్రం చీమంత. మీ బొమ్మ గీస్తే చక్రాలు కూడా గీయాలి.

తలనొప్పి ఎన్నాళ్లుగా? మందుల షాపు బిళ్లలతో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించుకోండి. ఇది మాత్రం పూర్తిగా చదవండి.

మీ
లలిత

మూల మాట: నా మీద కోపమా? రావద్దా నేను?


కానింగ్ వేల్,
మార్చి 1.

లలితా,

ఖాళీ ఖాళీ అని రాశావు. ఏది ఖాళీ? నేను కాగితం నిండా రాస్తున్నాను. ఇప్పుడూ నిండా రాస్తున్నాను, చూసుకో. నీ ఉత్తరం పట్టుకుని వెంకీకి చూపించి, “చూడరా, నేను ఖాళీ వదిలానా?” అని నేను రాస్తున్న కాగితం ముందు పెట్టాను. వాడు ఒకసారి కాగితం, ఒకసారి నా మొహం చూసి, “సగం కాగితం ఎవరికి మిగిల్చావన్నా?” అన్నాడు. వాడూ నీ జట్టే. ఇద్దరూ మాట్లాడుకుని నన్ను ఆడిస్తున్నారా?

వాడికి ఈ మధ్య హాస్యం ఎక్కువైంది. నిన్న గడ్డం గీసుకుని వస్తే, “ఒక బుగ్గకేనా ఆఫరు?” అన్నాడు. అన్నం తిని లేస్తే, “ఎడమ పక్కదంతా నాకు వదిలావా, నీ ఎంగిలి నాకెందుకు?” అన్నాడు. నేను కంచం ఖాళీ చేసే లేచాను. ఆకలి తీరక మళ్లీ పెట్టుకున్నాను కూడా.

యార్డులో ఒక కారుకి మన బండి రాసుకుంది. ఎడమ పక్కే. వాడు అడ్డంగా పెట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరూ నాదే తప్పంటారు.

మంచి మాట చెబుతాను. ఈ నెల 25, సోమవారం నుంచి నాకు రోడ్ ట్రైన్ ఇస్తున్నారు. ఒకే లారీ వెనక మూడు ట్రైలర్లు! పోర్ట్ హెడ్‌లాండ్ దాకా, పదహారు వందల కిలోమీటర్లు. ఏడాదిగా దీని కోసమే చూస్తున్నాను. మా ఊళ్లో సైకిలు వెనక గడ్డిమోపు పెట్టుకుని తొక్కినవాణ్ణి, యాభై మీటర్ల బండి నడపబోతున్నాను. నీకు సంతోషం కలగాలి.

నీ
సుబ్బరాజు


టూవూంబా,
మార్చి 8, శుక్రవారం.

ప్రియమైన మీకు,

ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను. దయచేసి ఒకచోట కూర్చుని చదవండి. కాగితాన్ని మీ కుడి చేతి వైపుకి బాగా జరుపుకుని చదవండి. ఎందుకో కింద రాస్తాను.

నిన్న మధ్యాహ్నం డాక్టరమ్మ గారు చెబుతున్నారు. నేను రాస్తున్నాను. ప్యారిస్‌లో ఒక డాక్టరు, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది, కొందరు రోగుల గురించి చెప్పాడట. వాళ్ల శరీరం ఎడమ పక్క పడిపోయింది. పడిపోయిందన్న సంగతి వాళ్లకి తెలియదు. ‘చెయ్యి ఎత్తండి’ అంటే ఎత్తానంటారు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. తెలియడం లేదన్నదే వాళ్లకి తెలియదు. డాక్టరమ్మ గారు చెప్పుకుపోతున్నారు. “ఇంకొందరికి చెయ్యి పడిపోదు. బలం ఉంటుంది. కానీ మెదడు కుడి భాగం దెబ్బతింటే, ఎడమ పక్కన్నది వాళ్ల లెక్కలోంచే పోతుంది. ఎడమ బుగ్గ గీసుకోరు. కంచంలో ఎడమ పక్క అన్నం తినరు. కాగితం మీద రాస్తే ఎడమ...”

“ఆపండి” అన్నాను.

ఆవిడ అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ మొదలుపెట్టబోయారు. నేను లేచి వెళ్లి మీ ఉత్తరాలన్నీ తెచ్చి బల్లమీద వరసగా పరిచాను. నవంబరు నుంచి మొన్నటి దాకా పదకొండు. ఆవిడ భూతద్దం తీసుకుని ఒక్కొక్కటీ చూశారు. ఎడమ అంచు మెట్లు మెట్లుగా లోపలికి జరుగుతూ వచ్చింది. మొన్నటి ఉత్తరంలో మీరు సగం కాగితం మీదే రాశారు. నేను ప్రేమ తగ్గిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని.

అద్దం, చెప్పు, గడ్డం, కంచం అన్నీ చెప్పాను. “ఇంట్లో ఇంతమంది ఉండి ఎవరూ కనిపెట్టలేదా?” అన్నారు. తర్వాత ఆవిడే అన్నారు: “ఎలా కనిపెడతారు? ఇక్కడివాళ్లైతే రెండు చేతుల్తో తింటారు. ఎడమ చేతిలో ఫోర్కు జారితే మొదటి వారమే తెలిసిపోయేది. మనం ఎడమ చేత్తో తినం, ఇవ్వం, పుచ్చుకోం. ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. అది పని మానేసినా మర్యాదే అనుకుంటారు.”

ఏవండీ, చెప్పు పోవడం వెంకీ గారి హాస్యం కాదు, అద్దం పోవడం స్తంభాల తప్పూ కాదు. మెదడులో ఏదో అడ్డుపడింది. రక్తం గడ్డో, మాంసం గడ్డో, చూస్తే గానీ తెలియదన్నారు. చూడటానికి ఆలస్యం చేయకూడదని మాత్రం గట్టిగా అన్నారు. ఇవాళ ఆవిడే మీకు ఫోన్ చేస్తారు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అప్పటిదాకా చక్రం పట్టుకోకండి. మీకు బండి చివరి దాకా ఒళ్లే అన్నారు కదా. ఇప్పుడు ఆ ఒంట్లో సగం మీకు తెలియడం లేదు. రోడ్డు మీద ఆ పక్కన ఎవరైనా ఉంటే?

నా మాట నమ్మకపోతే ఒక్క పని చేయండి. ఒక గడియారం బొమ్మ గీసి, పన్నెండు అంకెలూ వేసి పంపండి. అంతే.

మీ
లలిత

మూల మాట: నన్ను రమ్మనండి. ఇవాళే బయల్దేరతాను.


కానింగ్ వేల్,
మార్చి 14.

లలితా,

గడియారం వెనక పేజీలో గీశాను. పన్నెండు అంకెలూ ఉన్నాయి. లెక్కపెట్టుకో. చిన్నపిల్లాడికి పరీక్ష పెట్టినట్టు పెట్టావు.

డాక్టరమ్మ గారు ఫోన్ చేశారు. ‘ఎడమ చెయ్యి ఎత్తు నాయనా’ అన్నారు. ఎత్తాను. ‘ఎత్తావా?’ అన్నారు. ఎత్తానండీ అన్నాను. ‘డ్రైవింగు ఆపి ఆస్పత్రికి వెళ్లు’ అన్నారు. పెద్దావిడ మాట కాదనలేక సరేనండీ అన్నాను. వెళ్లలేదు. నాకేం రోగం లేదు. రోగం ఉంటే నాకు తెలియదా? నా ఒళ్లు నాకంటే ఆవిడకి, ఆవిడ పుస్తకాలకి ఎక్కువ తెలుసా?

ఆస్పత్రిలో తలకి ఫోటో తీయాలని రాసిన మరుక్షణం లైసెన్సు పక్కన పెడతారు. పని పోతే వీసా ఏమవుతుందో నీకు తెలుసా? నీకు ఈ దేశంలో ఉండాలని లేదా?

25న బయల్దేరుతున్నాను. ఇక దీని గురించి రాయకు.

సుబ్బరాజు


కానింగ్ వేల్, మీ ఇంటి బయట,
మార్చి 24, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం కాగితంలో కుడి సగం మీదే రాస్తున్నాను. ఎడమ సగం ఖాళీగా వదిలాను.

ఇకనుంచి ఏం రాసినా మీకు కనపడేచోటే రాస్తాను.

మీ గడియారం అందింది. పన్నెండు అంకెలూ ఉన్నాయి. అన్నీ కుడి పక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. పన్నెండు నుంచి ఆరు దాకా ఉండాల్సిన చోట పన్నెండూ ఇరుక్కున్నాయి. రెండో పక్క తెల్లగా ఉంది. డాక్టరమ్మ గారు దాన్ని చూసి కళ్లజోడు తీసేసి, మీ యార్డు ఫోన్ నంబరు అడిగారు.

వెంకీ గారికి ఫోన్ చేశాను. అవును, నేనే. పరాయి మగవాడికి నేను ఫోన్ చేయడం ఇదే మొదలు. “డాక్టరమ్మ గారు ఫోన్ చేసిన రోజు ఈయన చెయ్యి ఎత్తారా?” అని అడిగాను. ఆయన, “లేదు వదినా. చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. అన్న మాత్రం ఎత్తానని చెప్పాడు. నేను జోక్ అనుకున్నా వదినా” అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. బుధవారం నుంచి మీకు బండి ఇవ్వలేదు కదా. సరుకు లేదన్నారు కదా. అది నిజం కాదు. నేను ఆపించాను.

డాక్టరమ్మ గారు మాట్లాడబోతే, ఇంటివాళ్లు చెబితేనే వింటామంది మీ మేనేజరమ్మ. ఇంగ్లీషు మాటల్ని తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసుకున్నాను. మూడుసార్లు ఫోన్ పెట్టేశాను. నాలుగోసారి చదివాను. ‘మై హస్బెండ్ ఈజ్ నాట్ సేఫ్. ప్లీజ్ టేక్ ద కీస్.’ ఆవిడ అద్దాల గురించి, కారు గురించి అడిగింది. ఎస్, ఎస్ అన్నాను. చివర్లో, “గుడ్ ఆన్ యూ, లవ్. దట్ టుక్ గట్స్” అంది. మంచి పని చేశావు, దానికి గుండె ధైర్యం కావాలి అని దానర్థమని డాక్టరమ్మ గారు విడమరిచి చెప్పారు. నాకు మాత్రం మంచి పని చేసినట్టు అనిపించలేదు. మీరు ఏడాదిగా ఎదురుచూసినదాన్ని మీకు చెప్పకుండా లాక్కున్నాను.

వీసా పోతే పోతుంది. మీరు తిడితే పడతాను. మాట్లాడకపోతే అదీ పడతాను. పోర్ట్ హెడ్‌లాండ్ రోడ్డు మీద ఎడమ పక్క ఎవరో ఆగి చక్రం మార్చుకుంటుంటే, మీకు వాళ్లు లేకుండా పోతే, దాన్ని మాత్రం పడలేను. మీరూ పడలేరు.

మీరు అడిగారు, రోగం ఉంటే నాకు తెలియదా అని. ఈ జబ్బు అంతా అదేనండి. చూడాల్సిన చోటే పాడైంది. అందుకే ఇంకొకరి కళ్లు కావాలి. నా చదువు ఏడో తరగతి. కానీ మీ అక్షరాలు నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఈ కాగితం వెంకీ గారు మీ కుడి చేతి పక్కన పెడతారు. కారు తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఆస్పత్రికి ఇప్పుడే వెళ్దాం.

చదవడం అయ్యాక తల ఎత్తి కుడి వైపు చూడండి. గుమ్మంలో ఉన్నాను.

లలిత


పెర్త్, పునరావాస వార్డు,
జూన్ 9.

ప్రియమైన లలితకి,

ఈ కాగితానికి ఎడమ అంచున పైనుంచి కిందికి ఒక ఎర్ర గీత ఉంటుంది, చూడు. ఇక్కడ చెయ్యి వైద్యం చేసే అమ్మాయి గీయించింది. ప్రతి వరస చివరా మళ్లీ ఎర్ర గీత దొరికేదాకా వెనక్కి రావాలి, అక్కడ నుంచే మొదలుపెట్టాలి. ఒక పేజీకి గంటన్నర పడుతోంది. ఇది నాలుగు రోజులుగా రాస్తున్న ఉత్తరం.

తలలోంచి తీసిన గడ్డ చెడ్డది కాదని చివరి రిపోర్టు కూడా వచ్చింది. నిమ్మకాయంత ఉందట. ఏళ్ల తరబడి పెరిగి ఆ మూడు నెలల్లో వాచిందట. నువ్వు ఏప్రిల్, మే రెండు నెలలూ నా మంచం కుడి పక్కన కూర్చున్నావు. నేను నీతో పది మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు. పుస్తకం పూర్తిచేయాలని డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్తానన్నప్పుడు ‘ఊఁ’ అన్నాను. నీ ‘ఊఁ’లో సిగ్గు ఉండేది. నాదాంట్లో కోపం ఉంది. నా పని తీసేశావని కోపం. నాకు తెలియకుండా ఫోన్ చేశావని కోపం. ఆపరేషన్ అయ్యాక కూడా అది పోలేదు.

పోయింది ఎప్పుడో చెబుతాను. మొన్న ఆ అమ్మాయి చదవడం ప్రాక్టీసుకి ఏదైనా తెచ్చుకోమంది. వెంకీ నీ ఉత్తరాల కట్ట తెచ్చాడు. ఎర్ర గీత పెట్టుకుని మొదటి నుంచి చదివాను. లలితా, అవి నేను చదివిన ఉత్తరాలు కావు. స్టీలు గ్లాసు నీ దస్తూరికి వచ్చిందట! ఈక చివరి దాకా దొరసానిదేనట! నేను ఈ మాటలు ఎప్పుడూ చదవలేదు.

డాక్టరమ్మ గారికి ఒక సంగతి చెప్పు. పుస్తకంలో రాసుకోమను. ఎడమ పక్క నాకు చీకటిగా కనపడలేదు. ఖాళీగా కూడా కనపడలేదు. నీ తల వెనక ఇప్పుడు నీకేం కనపడుతోంది? నల్లగా ఉందా? ఏమీ లేదు కదా. లేదన్న బెంగ కూడా లేదు కదా. అలా ఉండేది. అందుకే నువ్వు చెప్పినప్పుడు అబద్ధంలా వినపడింది.

ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా నా మాట వినదు. కొన్నిసార్లు పక్క మీద దాన్ని చూసి ఎవరిదో అనుకుంటాను. అందుకని ఈ అమ్మాయి రూలు పెట్టింది. ఇవ్వడం, పుచ్చుకోవడం అన్నీ ఎడమ చేత్తోనే. మొన్న గుడి నుంచి వెంకీ ప్రసాదం తెస్తే ఎడమ చెయ్యి చాచాను. “అన్నా, దేవుడు కేసు పెడతాడు” అన్నాడు. పెట్టనీ. నువ్వు వచ్చాక అన్నం నేను వడ్డిస్తాను, ఎడమ చేత్తోనే. తప్పు పట్టకు.

ఆరు నెలలు చక్రం ముట్టుకోకూడదు. మేనేజరమ్మ యార్డులో బళ్లు పంపే గదిలో కూర్చోమంది. వీసా కాగితాలు తనే చూస్తానంది. పోర్ట్ హెడ్‌లాండ్‌కి ఎవరు వెళ్లినా వాళ్ల ఎడమ అద్దం నేనే తుడిచి పంపిస్తాను.

ఇక నీ మూలలు. చివరి నాలుగు ఉత్తరాల్లో మూడు మూలలు దొరికాయి. నాలుగోదానికి మూల లేదు. నువ్వే గుమ్మంలో నిలబడ్డావు. మూడింటిలోనూ ఒకటే అడిగావు. నేను జవాబు ఇవ్వకపోతే వద్దన్నాననుకున్నావు. నాకు అవి అసలు కనపడనే లేదు.

జవాబు కింద ఉంది. ఎర్ర గీత పక్కన, ఎడమ మూలన. కాగితం కదలకుండా ఎడమ చేత్తో నేనే పట్టుకుని రాశాను.

నీ
సుబ్బరాజు

మూల మాట: వచ్చేయి. ఆలస్యంగా చదివాను.